వర్తకుల గుర్తులు - యంత్రము కలిపిన బొమ్మలు

వర్తకునకు సరకు ఎంతటి సొత్తో, సరకుపై నుండు గుర్తును అంతటి సొత్తే. అక్షరము రాని కొనుగోలుదారు సైతము ఆ గుర్తును చూచియే సంచిని చేతికెత్తుకొనును; గుర్తు మారినచో సందేహించి దింపివేయును. అట్టి గుర్తులను కల్పించు వృత్తిలో ఇటీవల ఒక నూతన పద్ధతి ప్రవేశించినది. రెండు మూడు చిత్రములను కృత్రిమ మేధకు అప్పగించి, వాని కలయికవలన క్రొత్త చిత్రములను పుట్టించి, వానిని వర్తకుల యెదుట నమూనాలుగా పెట్టుటయే ఆ పద్ధతి. మిడ్‌జర్నీ యను సాధనమునకు 2022లో చేర్చిన ‘బ్లెండు’ అను ఆజ్ఞ ఒక్కసారిగా రెండు మొదలు ఐదు చిత్రములవరకు కలుపగలదు. ఇది మహానగరములకే చెందిన ముచ్చట కాదు. సెల్‌ఫోను చేరిన చోటికెల్ల ఈ యంత్రమును చేరినది. కావున దీని మేలుకీడులను చిన్న పట్టణముల పక్షమున నిలిచి విచారింపవలసి యున్నది.

సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడును గైకొందము. 1956 నాటి రాష్ట్రముల పునర్విభజన వరకు ఈ తాలూకా బీదరు జిల్లాలో చేరియుండెను. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉరుదూ కలిసి వినవచ్చు సరిహద్దు సీమ యిది. ఇట్టి పట్టణమున ఒక వర్తకుడు కందిపప్పు మిల్లు పెట్టి, తన సరకునకు ఒక గుర్తును కోరెననుకొందము. మొన్నటివరకు అతనికి రెండే దారులుండెను: నూరు కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదుకు పోయి పెద్ద మొత్తము చెల్లించుట యొకటి, ఫ్లెక్సీలు వేయు దుకాణమున దొరికిన బొమ్మనే అతికించుకొనుట రెండవది. నేడు మూడవ దారి తెరచుకొన్నది. స్థానికుడగు డిజైనరు కందికొమ్మ ఛాయాచిత్రమును, బిద్రీ పాత్రపై మెరయు వెండిలతను యంత్రమున కలిపి, గంటలోపల పది నమూనాలను చూపగలడు. ‘ఇది కాదు, అది’ యని వర్తకుడు వ్రేలు పెట్టి చూపగలడు. మనసులోని రూపమును మాటలలో చెప్పలేని వానికి ఇది గొప్ప సౌకర్యము. దీనిని వలదనుట అవివేకమని మా యభిప్రాయము.

అయినను నమూనా వేరు, గుర్తు వేరు. ఈ భేదమును మరచుటయందే అపాయము గలదు. యంత్రము చిత్రమును మనవలె చూడదు. దాని రూపమును, రంగును, తీరును సంఖ్యలుగా మార్చుకొని, ఇదివరలో నేర్చిన అసంఖ్యాక చిత్రముల పోలికతో క్రొత్తదానిని అల్లును. అట్టి యంత్రములకు పాఠముగా ఉపయోగపడిన లయాన్-5బి యను సంచయమున 585 కోట్ల చిత్రముల చిరునామాలును, వాని వివరణములును చేర్పబడినవి. వానిని గీసినవారి యనుమతిని ఒక్కొక్కరినుండి అడిగి తీసికొన్నది లేదు. కావున వచ్చిన బొమ్మలో ఎవరి గీత యెంత గలదో డిజైనరునకే తెలియదు. ఇక వర్తకునకెట్లు తెలియును? అది వేరొక కంపెనీ గుర్తును పోలియుండినచో, 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము క్రింద రిజిస్ట్రేషను నిరాకరింపబడవచ్చును. వ్యాజ్యము వచ్చిననాడు సంచులను, డబ్బాలను, అంగడి బోర్డును మార్చుకొని నష్టపడువాడు వర్తకుడే కాని యంత్రము కాదు.

హక్కు విషయమును నిశ్చయముగా లేదు. కంప్యూటరువలన పుట్టిన కృతికి, దానిని పుట్టించిన వ్యక్తియే కర్త యని మన 1957 నాటి కాపీరైటు చట్టములో 1994 సవరణ చెప్పుచున్నది. అయితే ఆ మాటలు ఇట్టి యంత్రములు పుట్టకముందు వ్రాయబడినవి. అమెరికా కాపీరైటు కార్యాలయము 2023 ఫిబ్రవరిలో, ఒక చిత్రకథలోని మిడ్‌జర్నీ చిత్రములకు రక్షణ లేదని తీర్మానించినది. మానవుడు కర్త కాని కృతికి కాపీరైటు లేదని 2025 మార్చిలో అచటి అప్పీలు న్యాయస్థానమును తీర్పు చెప్పినది. సొమ్ము చెల్లించి కొన్న బొమ్మ తనదగునో కాదో తెలియని స్థితిలో వర్తకుని నిలుపుట న్యాయమా?

ఇంతకంటె లోతైన ప్రశ్న ఆ వెండిలతది. తుత్తునాగమును రాగితో కలిపి పోతపోసి, వెండిని పొదిగి, బీదరు కోట మట్టితో నల్లబరచు ఆ విద్య తరతరముల కష్టార్జితము. బిద్రీ సామగ్రికి 2006లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని ఆ చట్టము ముఖ్యముగా కాపాడునది వస్తువు యొక్క పేరును, పుట్టినచోటును. పాత్రపైనుండి లతను మాత్రము ఎత్తి పప్పుసంచిపై నాటినచో, చట్టము చేయి అంత సులభముగా అచటికి చాపలేదు. చేర్యాల పటములకును, నిర్మల్ బొమ్మలకును ఇదే చిక్కు. 2025 జూనులో ఇటలీలోని మిలాను నగరమున ప్రాడా సంస్థ కొల్హాపురి చెప్పులను పోలిన పాదరక్షలను ప్రదర్శించి, వాని పుట్టుకను చెప్పక మిన్నకుండెను. దేశమంతట నిరసన రేగిన పిమ్మటనే భారతీయ చేతిపని తమకు ప్రేరణ యని అంగీకరించినది. అచట తీసికొన్నవారెవరో తెలిసినందున అడుగగలిగితిమి. యంత్రము కలిపిన బొమ్మలో మూలమే కరగిపోవును, ఎవరిని అడుగుదుము?

మనకిది కేవలము నూతనానుభవము కాదు. పరాయిపాలనలో మాంచెస్టరు వర్తకులు తమ బట్టతానులపై మన దేవతల రంగుబొమ్మల చీటీలనంటించి మనకే అమ్మిరి. బొమ్మ మనది, లాభము వారిది. దానికి మారుగా మనవారు తమ గుర్తులను తామే నిలుపుకొనిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనము అట్టిది. దాని యార్జనయే 1908లో ఆంధ్రపత్రికకు ఆధారమైనది. ఆ పేరును జనులు నమ్మినది బొమ్మ యందమును చూచి మాత్రమే కాదు. దాని వెనుక జవాబు చెప్పు మనుష్యుడొకడు గలడని.

ఆ జవాబుదారీతనమే నేటి డిజైనర్లనుండియు మేము కోరునది. యంత్రము కలిపినది చర్చకు. మనుష్యుడు గీసినది ముద్రకు. ఏ యే చిత్రములు కలుపబడినవో వర్తకునకు ముందే వ్రాసి యీయవలెను. నమూనా నచ్చిన పిమ్మట దానిని ప్రక్కనబెట్టి, గుర్తును చేతితో క్రొత్తగా గీయవలెను. యంత్రములు ఎంత మెరుగుపడినను, తెలుగు ఒత్తులను గుణింతములను నేటికిని పలుమార్లు చెరచుచున్నవి. మరియు గోనెసంచిపై ఒక్క రంగులో అచ్చువేసినను నిలువని బొమ్మ గుర్తుగా పనికిరాదు. చేతిపని లతను వాడదలచినచో ఆ పనివారిచేతనే గీయించి, కూలి చెల్లించి, సంచిపై వారి కళ పేరు చెప్పవలెను. అది వర్తకునకు ఖర్చు మాత్రమే కాదు, ప్రతిష్ఠయును.

ట్రేడుమార్కుల రిజిస్ట్రీలో పాత గుర్తులను ఎవరైనను ఉచితముగా వెదకి చూడవచ్చును. వ్యక్తులకును చిన్న పరిశ్రమలకును ఆన్‌లైను దరఖాస్తు రుసుము ఒక్కొక్క తరగతికి 4,500 రూపాయలు. పెద్ద సంస్థలకు దానికి రెట్టింపు. ఒకసారి నమోదైన గుర్తు పదియేండ్లు చెల్లును, మరల పొడిగించుకొనవచ్చును. ఈ సంగతులు చిన్న పట్టణముల వర్తకులలో అనేకులకు చేరలేదు. జిల్లా పరిశ్రమల కేంద్రములు ఈ వెదకులాటయందును, దరఖాస్తునందును వారికి తోడ్పడినచో, యంత్రమిచ్చు సౌకర్యము వంచనగా మారదు. నారాయణఖేడు కందిపప్పు పొరుగు రాష్ట్రముల అంగళ్లలో తన పేరుతో నిలువవలెను. ఆ పేరుపై నుండు గీత ఎవరిదో చెప్పగల ధైర్యము దాని యజమానికుండవలెను.