సముద్రం ఇచ్చిన మందును నిలుపుకొంటున్నామా?

‘మొండి బ్యాక్టీరియాను చంపే మందు సముద్ర జీవిలో దొరికింది’ అనే వార్త అప్పుడప్పుడూ మన ఫోన్లలో కనిపిస్తూనే ఉంటుంది. ఒకసారి స్పాంజి, మరోసారి సొరచేప. చదివి ‘శాస్త్రవేత్తలు ఏదో ఒకటి కనిపెడతార్లే’ అనుకుంటాం. అవి పుకార్లేమీ కావు. కానీ వాటిని చూసి మనం తెచ్చుకునే ధీమా మాత్రం ప్రమాదకరం. ఎందుకంటే సముద్రం మనకు ఇప్పటికే ఒక గొప్ప యాంటీబయాటిక్ కుటుంబాన్ని ఇచ్చింది. దాన్ని మనం వాడుతున్న తీరు చూస్తే, రేపు ఇంకొకటి దొరికినా ఎన్నాళ్లు పనిచేస్తుందన్న అనుమానం రాకమానదు.

మురుగు నీటిలో దొరికిన వరం

1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో జుసెప్పె బ్రోత్సు అనే వైద్యుడు సముద్రంలో మురుగు కలిసే చోట నీటిని పరీక్షించారు. ఆ నీళ్లలో ఈదేవారికి కూడా టైఫాయిడ్ పెద్దగా రావడం లేదేమిటన్నది ఆయన సందేహమని చెబుతారు. అక్కడ ఆయనకు ఒక ఫంగస్ దొరికింది. అది విడుదల చేసే పదార్థం టైఫాయిడ్ క్రిమిని అడ్డుకుంది. ఆ ఫంగస్ నుంచే ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు సెఫలోస్పోరిన్‌ను వేరుచేశారు. ఈ కుటుంబంలో మొదటి మందు మార్కెట్లోకి వచ్చేసరికి 1964 అయింది. అంటే దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఆస్పత్రిలో ఎక్కించే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్, చాలా ఇళ్లలో మందుల డబ్బాలో కనిపించే సెఫిక్సిమ్ మాత్ర ఈ కుటుంబంలోనివే.

సముద్ర జీవుల్లోనే ఎందుకు?

ఒక్క మిల్లీలీటరు సముద్రపు నీటిలో లక్షల సంఖ్యలో బ్యాక్టీరియా ఉంటాయి. స్పాంజి, పగడం, సీ స్క్వర్ట్ వంటి జీవులు రాయిని అంటిపెట్టుకుని అక్కడే బతుకుతాయి. పారిపోయే వీలు లేదు. మనలా యాంటీబాడీలు తయారుచేసుకునే శక్తీ లేదు. అందుకే వాటికి రసాయనాలే ఆయుధాలు. చాలాసార్లు ఆ రసాయనాలను తయారుచేసేది కూడా ఆ జీవి కాదు, దాని ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా. 2020లో అమెరికా శాస్త్రవేత్తలు ఫ్లోరిడా తీరంలోని ఒక సీ స్క్వర్ట్‌లో ఉండే బ్యాక్టీరియా నుంచి టర్బిన్మైసిన్ అనే పదార్థాన్ని తీశారు. ఆస్పత్రులను హడలెత్తిస్తున్న క్యాండిడా ఆరిస్ అనే మొండి ఫంగస్‌పై అది ఎలుకల్లో బాగా పనిచేసింది.

అయితే ఎలుకల నుంచి మన ఊరి మందుల షాపు దాకా దారి చాలా పొడవు. డాగ్‌ఫిష్ అనే చిన్న సొరచేపలో స్క్వాలమిన్ అనే పదార్థం బ్యాక్టీరియాను చంపుతుందని 1993లోనే తేలింది. ముప్పై ఏళ్లు దాటినా అది యాంటీబయాటిక్‌గా మార్కెట్లోకి రాలేదు. పరీక్షనాళికలో క్రిమిని చంపినదల్లా మనిషి ఒంట్లో మందు కాదు. ఎంత మోతాదు భద్రమో తేలాలి, టన్నుల కొద్దీ జీవులను చంపకుండా ల్యాబ్‌లో తయారుచేసే పద్ధతి దొరకాలి. అన్నట్టు, ఈ వార్తలు చూపించి ఎవరైనా సొరచేప నూనె మాత్రలు ఇన్ఫెక్షన్లకు మందంటే నమ్మకండి.

కనిపెట్టినవారికి నష్టం

ఇంకో చిక్కు డబ్బుది. కొత్త యాంటీబయాటిక్‌ను చివరి అస్త్రంగా దాచుకుని తక్కువగా వాడాలి. తక్కువ అమ్ముడుపోయే మందు మీద కంపెనీలు ఎందుకు ఖర్చు పెడతాయి? అమెరికాలో అకావోజెన్ అనే సంస్థ తెచ్చిన ప్లాజోమైసిన్‌కు 2018లో అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదే ఆ సంస్థ దివాలా తీసింది. అందుకే బ్రిటన్ ప్రభుత్వం కొన్ని కొత్త యాంటీబయాటిక్స్‌కు అమ్మకాలతో సంబంధం లేకుండా ఏటా ఇంత అని చెల్లించే పద్ధతిని 2022లో మొదలుపెట్టింది. ఇంత పొడవైన సముద్ర తీరం, ఇన్ని మందుల పరిశ్రమలు ఉన్న మన దేశమూ ఇలాంటి ఆలోచన చేయాలి. ఈ వెతుకులాటను లాభనష్టాల లెక్కకు వదిలేస్తే అది ముందుకు సాగదు.

చిల్లుకుండలో నీళ్లు

కానీ కుండకు చిల్లు ఉంటే ఎన్ని నీళ్లు పోసి ఏం లాభం? యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. మన దేశంలో ఎక్కువగా వాడే యాంటీబయాటిక్ మాత్రల్లో సెఫిక్సిమ్ ఒకటి. అది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా జలుబుకూ, గొంతు నొప్పికీ ‘ఓ స్ట్రిప్ ఇవ్వండి’ అని అడిగి తెచ్చుకునేవారు ఎందరో. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానిపై సెఫిక్సిమ్ పనిచేయదు. ఒంట్లోని బ్యాక్టీరియాకు మాత్రం ఆ మందును తట్టుకోవడం అలవాటవుతుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో పాకిస్థాన్‌లో చూశాం. 2016లో సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్ నగరంలో సెఫ్‌ట్రయాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ మొదలైంది. నోటితో వేసుకునే మందుల్లో దాదాపుగా అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. టైఫాయిడ్ క్రిమిని అడ్డుకున్నందుకే వెలుగులోకి వచ్చిన మందుల కుటుంబాన్ని ఆ టైఫాయిడే ఓడించింది. అలాంటి పరిస్థితి మన ఇంటి దాకా రాదని ఏమిటి భరోసా?

తప్పు ఇళ్లలోనే ఉందనడం న్యాయం కాదు. హైదరాబాద్ శివారులోని పటాన్‌చెరు వద్ద మందుల పరిశ్రమల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. అక్కడి వాగుల నీరు మంజీరలో, మంజీర గోదావరిలో, గోదావరి సముద్రంలో కలుస్తాయి. ఇటు కోస్తాలో నిషేధించిన యాంటీబయాటిక్స్ అవశేషాలున్నాయని మన రొయ్యలను విదేశాలు తిప్పిపంపిన సందర్భాలున్నాయి. ఒక చేత్తో సముద్రంలో మందు వెతుకుతూ, ఇంకో చేత్తో అదే సముద్రంలోకి మందులు వదలడం ఏం తెలివి? పరిశ్రమల నీటిలో యాంటీబయాటిక్స్‌కు పరిమితి పెట్టి గట్టిగా అమలు చేయాల్సింది ప్రభుత్వమే.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే ‘ఇది బ్యాక్టీరియా జ్వరమేనా, కల్చర్ పరీక్ష అవసరమా?’ అని అడగండి. అడగడం మన హక్కు. రాసిన మందును చెప్పినన్ని రోజులూ వాడండి. మిగిలిన మాత్రలను ఇంకొకరికి ఇవ్వకండి, సింకులో పారేయకండి. పిల్లలకు టైఫాయిడ్ టీకా వేయించండి. టీకా ఆపే ప్రతి జబ్బుతో యాంటీబయాటిక్ అవసరం ఒకటి తగ్గుతుంది. సముద్రం నుంచి కొత్త మందు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టొచ్చు. అప్పటిదాకా మన పిల్లలకు ఆపరేషన్ అయినా, జ్వరం వచ్చినా, ఉన్న మందులే పనిచేయాలి.