హ్యాండిల్ విరిగితే బ్యాట్ పోయినట్టేనా?

మన స్పోర్ట్స్ స్టోర్ రూమ్‌లో ఒక మూల ఆరు బ్యాట్లు పడి ఉన్నాయి. నాలుగింటికి హ్యాండిల్ విరిగింది, బ్లేడ్ మాత్రం శుభ్రంగా ఉంది. ఒకదానికి కింద టో చీలింది. ఆరోది నిజంగానే పోయింది. కానీ మన రిజిస్టర్‌లో ఆరింటికీ ఎదురుగా ఒకటే మాట రాసి ఉంది: డ్యామేజ్డ్. ఈ సెమిస్టర్ ఫండ్‌తో కొత్త బ్యాట్లు కొందామని మొన్న మీటింగ్‌లో అందరూ చేతులెత్తారు. నేను ఎత్తలేదు. కొనొద్దని కాదు, ముందు ఆ నాలుగు హ్యాండిళ్లు మార్పించండి అంటున్నా.

"పాతదానికి డబ్బులు తగలేయడం దేనికిరా, కొత్తది కొనేద్దాం" అనడం మనకి చాలా ఈజీ. ముఖ్యంగా మన సీఎస్ఈ వాళ్లకి. సీనియర్లు రాసిన కోడ్‌లో ఒక బగ్ కనిపిస్తే చాలు, మొత్తం మొదట్నుంచి రాసేద్దాం అంటాం. బగ్ ఎక్కడుందో చూడ్డానికి బద్ధకం, అంతే.

బ్యాట్ చూడ్డానికి ఒకే చెక్కలా ఉంటుంది గానీ కాదు. బ్లేడ్ విల్లో చెక్క. హ్యాండిల్ బెత్తం, అంటే కేన్. సన్న బద్దల్ని మధ్యలో రబ్బరు పెట్టి జిగురుతో అతికిస్తారు. బంతి తగిలినప్పుడు చేతులు జిల్లుమనకుండా కాపాడేది అదే. బ్లేడ్ పైభాగాన్ని 'వి' అక్షరంలా కోసి, హ్యాండిల్ కొనని అందులో దిగ్గొట్టి జిగురు పెడతారు. దీన్ని స్ప్లైస్ అంటారు. ఇక బంతి ఎగిరి వెళ్లే శక్తి ఎక్కువగా బ్లేడ్‌లో ఉంటుంది. తయారీలో దాన్ని మెషీన్ కింద నొక్కుతారు, పీచు దగ్గరపడి ముఖం గట్టిపడుతుంది. ఆ ప్రెస్సింగ్ బాగున్నంత కాలం బ్యాట్ బాగున్నట్టే. హ్యాండిల్ మార్చుకోగలిగిన పార్ట్. బ్యాటరీ పోయిందని ల్యాప్‌టాప్ పారేసేవాళ్లు మన హాస్టల్లో ఎవరైనా ఉన్నారా?

ఊళ్లో స్టేడియం వెనక సందులో బ్యాట్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. పోయిన నెల నా ఫ్రెండ్ బ్యాట్ తీసుకెళ్లినప్పుడు ఆయన పక్కనే కూర్చుని చూశా. విరిగిన కేన్‌ని లాగి పారేయలేదు. 'వి' లోపల పాత జిగురు, పాత బెత్తం ముక్కలు ఉలితో కొంచెం కొంచెంగా తీశారు. కొత్త హ్యాండిల్ కొనని చెక్కడం, పెట్టి చూడడం, మళ్లీ తీసి చెక్కడం. వెలుతురు కూడా దూరనంత బిగుతుగా కూర్చున్నాకే జిగురు పెట్టారు. తర్వాత క్లాంప్ బిగించి ఒక రోజు వదిలేశారు. మర్నాడు హ్యాండిల్‌కి దారం చుట్టి గ్రిప్ ఎక్కించారు. "రెండు సీజన్లు ఆడుతుంది బాబూ, తడి పిచ్ మీద మాత్రం ఆడొద్దని చెప్పు" అన్నారు. తీసుకుంది 1,200. అలాంటి ఇంగ్లీష్ విల్లో బ్యాట్ కొత్తది మా వాడు అడిగిన షాపులో 12,000.

టో సంగతి ఇంకా చిన్నది. యార్కర్లు తగిలి, లేదా నేల తేమ పీల్చి అక్కడ చీలుతుంది. చీలిక పైకి పాకకముందే జిగురు పెట్టి, బిగించి, పైన టో గార్డ్ వేస్తే సరిపోతుంది. ముఖం మీద వెంట్రుకల్లాంటి గీతలు పడితే కంగారే అక్కర్లేదు, లెదర్ బాల్‌తో ఆడిన విల్లోకి అవి మామూలే. అవిసె నూనె పల్చగా రాస్తే చాలు. మనోళ్లలాగా సీసా మొత్తం తాగించారనుకోండి, బ్యాట్ బరువెక్కి మొద్దుబారుతుంది.

మరి ఎప్పుడు వదిలేయాలి? బ్యాట్‌ని రెండు వేళ్లతో వేలాడదీసి మధ్యలో పాత బంతితో తట్టండి. టక్కున మోగితే ప్రాణం ఉంది. తడి అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తే పీచు విడిపోయిందన్నమాట. చీలిక ముఖం నుంచి వీపు దాకా దిగినా అంతే. స్టోర్ రూమ్‌లో ఆ ఆరో బ్యాట్ అలాంటిదే. సీనియర్లు దాంతోనే ఫైనల్ గెలిచారట, అందుకని బాగుచేయిద్దామని ఇద్దరు ముగ్గురు పట్టుబడుతున్నారు. వద్దు. గోడకి తగిలించుకోండి. దానిమీద పెట్టే ప్రతి రూపాయీ జిగురుకే పోతుంది.

ఇంకో మాట. ఊళ్లల్లో టెన్నిస్ బాల్ బ్యాట్లకి మేకులు కొట్టి సైకిల్ ట్యూబ్ చుడతాం కదా, లెదర్ బాల్ బ్యాట్‌కి అది చేస్తానంటే నేనే అడ్డం పడతా. సగం విరిగిన హ్యాండిల్ ఊడితే బ్లేడ్ ఎగిరి ఎవరి మొహం మీద పడుతుందో తెలీదు. ఎడ్జ్‌కి ఇష్టమొచ్చినంత పూత వేయడం కూడా కుదరదు. 2017 అక్టోబర్ నుంచి రూల్స్ ప్రకారం ఎడ్జ్ 40 మిల్లీమీటర్లు, బ్లేడ్ మందం 67 మిల్లీమీటర్లు దాటకూడదు.

రిపేర్ చేసిన బ్యాట్ మ్యాచ్ మధ్యలో మళ్లీ విరిగితే ఎలా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందు నెట్స్‌లో ఆడి చూడాలి. కానీ కొత్తది మాత్రం కవర్ తీయగానే రెడీనా? లెదర్ బాల్‌కి పెట్టే ముందు కొన్ని గంటలపాటు చెక్క సుత్తితో తట్టి తట్టి గట్టిపరచాలి. దీన్ని నాకింగ్ అంటారు (తెలుగులో రాస్తే ఇంకోలా ఉంది, క్షమించాలి).

అసలు అడ్డంకి వేరే ఉంది. ఆ పెద్దాయనకి జీఎస్‌టీ నంబర్ లేదు, తెల్లకాగితం మీద రాసిస్తారు. అకౌంట్స్ సెక్షన్‌లో ఆ బిల్లు చెల్లదట. 12,000 బిల్లు కళ్లుమూసుకుని పాసవుతుంది, 1,200 కాగితం వెనక్కొస్తుంది! ఫెస్ట్‌లో బ్యానర్లు కట్టిన కుర్రాడికి వోచర్ మీద సంతకం పెట్టించుకుని డబ్బులిచ్చాం కదా, ఇక్కడ ఎందుకు కుదరదు?

సొంత కిట్ ఉన్నవాళ్లకి ఇదంతా పెద్ద విషయం కాదు. సెలెక్షన్స్‌కి ఫస్టియర్ వాళ్లు పద్దెనిమిది మంది వచ్చారు, అందులో బ్యాట్ తెచ్చుకున్నవాళ్లు ఐదుగురు. మిగతావాళ్లు ఒక్క కామన్ బ్యాట్ కోసం లైన్లో నిలబడి, తలా నాలుగు బంతులు ఆడి వెళ్లిపోయారు. ఫండ్‌తో కొత్త బ్యాట్ ఒకటే వస్తుంది. 4,800 పెడితే నాలుగు బ్యాట్లు లేస్తాయి.

టోర్నమెంట్‌కి మూడు వారాలుంది. నాలుగింటికి కలిపి పెద్దాయన వారం అడిగారు, తర్వాత నెట్స్‌లో చూసుకోవడానికి ఇంకో వారం కావాలి. అంటే ఈ శనివారమే తీసుకెళ్లాలి. వోచర్ సంగతి స్పోర్ట్స్ సెక్రటరీ చూసుకుంటే బ్యాట్లు నేను మోస్తా. బండి ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే బాగుంటుంది, నాలుగు బ్యాట్లతో సిటీ బస్ ఎక్కితే కండక్టర్ నలుగురికి టికెట్ కొట్టేలా ఉన్నాడు.