ఎడారిలో నడిచిన మందిరం

మన ఆలయంలో ముఖమండపం దాటి, అంతరాళం దాటి గర్భాలయం ముందు నిలుస్తాం. వెలుతురు తగ్గుతుంది, స్థలం ఇరుకవుతుంది, మనసు ఒక్కచోటికి చేరుతుంది. ఈ అనుభవం ఉన్న మీకు బైబిలులోని ప్రత్యక్షపు గుడారం బొత్తిగా కొత్తగా తోచదు. నిర్గమకాండం 25వ అధ్యాయం మొదలుకొని ఒకసారి చదివి చూడండి.

ఐగుప్తు దాస్యం నుంచి బయటపడి సీనాయి ఎడారిలో ఉన్న ఇశ్రాయేలీయులను దైవం తన నివాసం కట్టమన్నాడు. రాతితో కాదు, తుమ్మకర్ర పలకలతో, మేకవెంట్రుకల తెరలతో. 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు గల ఆవరణం. అందులో బలిపీఠం, యాజకులు కాళ్లు చేతులు కడుక్కునే గంగాళం. గుడారం లోపల ఏడు దీపాల బంగారు దీపవృక్షం, 12 రొట్టెలుంచిన బల్ల, ధూపవేదిక. అడ్డుతెర ఆవల అతి పరిశుద్ధ స్థలం. ప్రధాన యాజకుడు మాత్రమే, అదీ ఏడాదికొక ప్రాయశ్చిత్త దినాన, అక్కడికి ప్రవేశించాలి. ప్రజల కానుకలు అవసరాన్ని మించిపోతే ఇక తేవద్దని మోషే చాటింపు వేయించాడు. చాలని చెప్పే నిర్వాహకులు ఏ మతంలోనైనా అరుదే!

ఇక్కడ ఆగి, అన్నీ ఒకటేనని తేల్చేయడం మనకు అలవాటు. అది మర్యాదగానే కనిపిస్తుంది; కానీ పొరుగువారి విశ్వాసాన్ని సగమే వినడమని నా అభిప్రాయం. ఆ తెర వెనుక మూర్తి లేదు. ఆజ్ఞల పలకలున్న మందసం, దానిపై కరుణాపీఠం, రెక్కలు చాచిన రెండు కెరూబులు. వాటి నడుమనున్న శూన్యం నుంచే దైవం మాట్లాడతాడని వారి నమ్మకం. మనకు చిదంబర రహస్యం గుర్తుకు రావచ్చు. అయితే అక్కడ చెంతనే నటరాజస్వామి ఉన్నాడు. ఇక్కడ ప్రతిమ కూడదన్న ఆజ్ఞ ఆ పలకల మీదే ఉంది.

క్రైస్తవులకు ఈ గుడారం క్రీస్తుకు ఛాయ. వాక్యం మనుష్యుల మధ్య నివసించిందని యోహాను సువార్త చెప్పేచోట, గ్రీకు మూలంలోని క్రియకు గుడారం వేసుకోవడమని అర్థం. క్రీస్తు మరణించినప్పుడు యెరూషలేము ఆలయపు తెర పైనుంచి కిందికి చినిగిందని మత్తయి రాశాడు. ఆ తెర క్రీస్తు శరీరమేననీ, ఇక విశ్వాసులందరికీ లోపలికి దారి ఉందనీ హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుంది. చర్చిలో జంతుబలి లేకపోవడానికి కారణం ఇదే. కథోలిక దేవాలయాల్లో దివ్యసత్ప్రసాదం భద్రపరిచే చిన్న మందసానికి లాటిన్‌లో ఉన్న పేరుకూ గుడారమనే అర్థం. దాని చెంత దీపం వెలుగుతూ ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంకొక చిన్న వివరం. మందసానికి బంగారు ఉంగరాలు, వాటిలో మోతకర్రలు. ఆ కర్రలను ఎన్నడూ ఊడదీయరాదని నియమం. మన ఉత్సవమూర్తి ఊరేగి తిరిగి ఆలయం చేరతాడు. ఆ ఎడారిలో తిరిగి చేరవలసిన ఆలయమే లేదు. మేఘం పైకి లేస్తే గుడారం విప్పుకొని జనంతో పాటు దైవమూ కదలాలి. దావీదు మందిరం కడతానన్నప్పుడు, దేవదారు ఇల్లు తానెప్పుడైనా అడిగానా అని దైవం నాతాను ప్రవక్త చేత అడిగించాడు. విరాళాలతో ఎత్తయిన శిఖరాలు లేపే సంఘాలు, వారివైనా మనవైనా, ఈ ఘట్టాన్ని తీరికగా చదవాలి.

చివరికి సొలొమోను మందిరం కట్టాడు. మందసాన్ని లోపల ఉంచాక కూడా ఆ మోతకర్రల కొనలు గర్భాలయం ఎదుట నుంచి కనబడేవని మొదటి రాజుల గ్రంథంలో ఉంది.