చూపులేనివారు చదివితేనే తెలుస్తుంది



పింఛను, పరీక్ష ఫలితాలు, బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు... ఇప్పుడు దేనికైనా వెబ్‌సైటు తెరవవలసిందే. కళ్ళు, చేతులు బాగున్నవారికి ఇది సుళువే. మరి చూపులేని సహోదరుని సంగతేమిటి? చెవులు వినబడని సహోదరి, చేతులు వణికే తాతగారు ఏం చేయాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారు ఎక్కడో లేరు, మన ఇండ్లలోనే ఉన్నారు.

చూపులేనివారు కంప్యూటరు ఎలా వాడతారని కొందరు అడుగుతారు. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లున్నాయి. వాటిలో ఎన్‌విడిఎ ఉచితంగా దొరుకుతుంది. దానిని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా వాసి మైకేల్ కరన్‌కు కూడా చూపు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటుంది. అది తెలుగు కూడా చదువుతుంది.

అయితే సాధనం ఒక్కటే చాలదు. బొమ్మకు వివరం రాయకపోతే స్క్రీన్ రీడర్ "బొమ్మ" అని ఊరుకుంటుంది. మీటకు పేరు పెట్టకపోతే "బటన్" అంటుందే గాని, అది దేనికో చెప్పదు. వంకర అక్షరాలు చూసి రాయమంటే చూపులేనివారు అక్కడితో ఆగిపోతారు. గనుక వెబ్‌సైటును అందరి చేతికి ఇచ్చేముందు పరీక్షించాలి.

ఈ పరీక్షకు మూడు మెట్లున్నాయి. మొదటిది యంత్రం చేసే తనిఖీ. బొమ్మకు వివరం ఉన్నదో లేదో యంత్రం చెబుతుంది గాని, ఆ వివరం సరైనదో కాదో చెప్పలేదు. రెండవది మనిషి చేసే తనిఖీ. మౌసు పక్కన పెట్టి ట్యాబ్ మీటతోనే పేజీ అంతా తిరగాలి, స్క్రీన్ రీడర్‌తో వినాలి, అక్షరాలను రెండింతలు చేసి చూడాలి. ఇందుకు డబ్ల్యుసిఎజి అనే అంతర్జాతీయ నియమాలు 1999 నుండి ఉన్నాయి.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. వికలాంగులనే పిలిచి, "ఈ దరఖాస్తు నింపండి" అని పని అప్పగించాలి. పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడాలి. ఎక్కడ ఆగారో, ఎక్కడ విసిగి వదిలేశారో రాసుకోవాలి. చూపున్నవాడు కళ్ళు మూసుకొని చేసినంత మాత్రాన ఇది కాదు; పేజీ ఎలా ఉంటుందో అతనికి ముందే తెలుసు. ఒక్కరితో సరిపెట్టకూడదు కూడా. చూపులేనివారి ఇబ్బంది వేరు, చేతులాడనివారి ఇబ్బంది వేరు. వారి శ్రమకు తగిన కూలి ఇవ్వడం న్యాయం.

ఇలా పరీక్షించకపోతే ఏమవుతుంది? బ్యాంకు పనికి ఆన్‌లైన్‌లో గుర్తింపు చూపేటప్పుడు కెమెరా ముందు రెప్ప వేయమంటారు. యాసిడ్ దాడిలో ముఖం కాలి రెప్ప వేయలేనివారు ఏం చేయగలరు? అట్టివారు, చూపులేనివారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు, ఇటువంటి సేవలు అందరికీ అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. నిపుణులచేత ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలని ఆదేశించింది. కొత్త యాప్‌ను, వెబ్‌సైటును పరీక్షించేటప్పుడు చూపులేనివారిని కలుపుకోవచ్చని కూడా చెప్పింది.

ఇది సౌకర్యం సంగతి మాత్రమే కాదు. తానే చదువుకోలేనివాడు తన పాస్‌వర్డును, ఓటీపీని ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఆ ఇంకొకరు మంచివారైతే సరే. కాకపోతే? అతని పింఛను డబ్బు, అతని గుట్టు రెండూ పోతాయి.

మన ఇంట్లో, మన వీధిలో అట్టివారుంటే ఈ నెల ఒక పని చేద్దాం. ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట టాక్‌బ్యాక్ ఉంటుంది. దానిని ఎలా ఆపాలో ముందు తెలుసుకొని, తరువాత పెట్టండి. ఒకసారి తాకితే చదువుతుంది, వెంటనే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. వారు వాడే వెబ్‌సైటును వారిచేతనే తెరిపించండి. ఫోను లాక్కుని మీరే చేసిపెట్టకండి. ఎక్కడ ఆగిపోయారో తేదీతో సహా రాసి, ఆ కార్యాలయానికి ఫిర్యాదు పంపండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వారి పక్షాన ఉంది. కట్టినవారికి కనబడని లోపం, వాడేవారు చెబితేనే తెలుస్తుంది.