ఫొటో కాదు, విస్తరి



ఆకలన్నవాళ్లకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి మీద గత సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది గానీ, సగం పేజీ బ్రిటిషు రాజు ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు రావడం, ఆమె రానంటే ఫొటో తీయించుకుపోవడం అనే కథకే పోయింది. మా కోనసీమలో ఆమెను తలుచుకునేది ఫొటో చూసి కాదండీ.

1841లో మండపేటలో పుట్టి, జోగన్న గారి భార్యగా లంకల గన్నవరం వచ్చారు. పుట్టింట్లోనే ఉంది ఆ గుణం: అడిగినవాళ్లకల్లా అన్నం పెడుతుంటే తండ్రి భవానీశంకరం గారిని జనం బువ్వన్న అనేవారట. వ్యాసకర్త గోదావరిని మరిచారు. లంక ఊళ్లలో పడవ తప్పినా, వరద పొంగినా ప్రయాణికుడు ఒడ్డునే చిక్కుకుపోవాలి. చేతిలో డబ్బున్నా అర్ధరాత్రి అన్నం ఎక్కడ దొరుకుతుంది? సీతమ్మ గారి ఇంటి తలుపు తడితే కులం అడక్కుండా విస్తరి వేసేవారని మా నాయనమ్మ తన పెద్దల దగ్గర విన్నది. "పెట్టారు" అనేది కాదు నాయనమ్మ, "వడ్డించారు" అనేది. ఆ తేడా నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

1909లో ఆమె పోయారు. గోదావరి పాయ వైనతేయ మీది కొత్త అక్విడెక్టుకు, 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే.

అన్నట్టు, మీరు ఉత్త "గన్నవరం" అని వేశారు. విమానాలు దిగే గన్నవరం వేరు. సీతమ్మ గారి లంకల గన్నవరం పి.గన్నవరం మండలంలోది.

— ఒక పాఠకురాలు, అమలాపురం