డిస్కు జారితే ఆపరేషనేనా?

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలెత్తే ముఠా కూలీలకైనా, కొల్లేరు చేపల చెరువుల మీద మేత మోసేవారికైనా నడుం పట్టేయడం కొత్త కాదు. ఒక మగ మనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మన ధాన్యం బస్తా లెక్క 75 కిలోలు! నొప్పి ముదిరాక ఎంఆర్‌ఐ తీయిస్తారు. రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని కనిపించగానే ఇంటిల్లిపాదికీ ఆపరేషన్ భయం పట్టుకుంటుంది.

ఆ ఒక్క మాటకే బెదరనక్కర్లేదు. ఏ నొప్పీ లేని యాభై ఏళ్లవారిలోనూ దాదాపు 80 శాతం మందికి డిస్కుల అరుగుదల ఉంటుందని 2015లో వెలువడిన ఒక అధ్యయన సమీక్ష తేల్చింది. అది జుట్టు నెరవడం లాంటిదే. డిస్కు జారి కాల్లోకి లాగే సయాటికా కూడా చాలామందికి మందులు, ఫిజియోథెరపీతో ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది.

చూడాల్సింది నరం పనిచేస్తోందా లేదా అన్నది. పాదం పైకి లేవడం లేదంటే ఆగకూడదు. మెడ దగ్గర వెన్నుపాము నలిగితే నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. చొక్కా గుండీలు పెట్టుకోలేరు, నడకలో తూలుతారు. వయసు మీదపడిందని సరిపెట్టుకునేది సరిగ్గా ఇక్కడే. ఆలస్యమైతే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

జారిన ముక్కను మాత్రమే తీసేది మైక్రోడిస్కెక్టమీ. నరాల దారి ఇరుకైతే కొంత ఎముక తొలగించే లామినెక్టమీ చేస్తారు. పూసలు నిలకడ తప్పితే స్క్రూలతో బిగించే ఫ్యూజన్ అవసరమవుతుంది. తొందర లేని కేసులో నేరుగా స్క్రూల మాటే ఎత్తితే మరో డాక్టర్‌ను అడగడం మేలు.

ఖర్చు విషయానికొస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో వెన్నెముక శస్త్రచికిత్సలున్నాయి. అయితే నెట్‌వర్క్ ఆసుపత్రి అయినంత మాత్రాన అన్ని విభాగాలకూ అనుమతి ఉండదు. న్యూరోసర్జరీకి ఉందో లేదో వైద్యమిత్రను గానీ, 104లో గానీ ముందే కనుక్కోవాలి.

అసలు చిక్కు ఇంటికొచ్చాకే. కొన్ని వారాలు బరువులెత్తొద్దంటారు. ఆ రోజుల కూలి ఎవరిస్తారు? ఇందుకోసమే 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరిట రోజుకు రూ.225, నెలకు గరిష్ఠంగా రూ.5,000 భృతి మొదలుపెట్టారు. మీ ఆపరేషన్‌కు అలాంటి సాయం ఇప్పుడు అందుతుందేమో డిశ్చార్జికి ముందే అడగండి. ఎన్నాళ్లు బరువెత్తకూడదో చీటీలో రాయించుకోండి, మేస్త్రీకి చూపించడానికి పనికొస్తుంది.