వాల్వు బిగిస్తే మంచినీరు పెరుగుతుందా?

పావగడ నుండి బాగేపల్లి, శ్రీనివాసపుర వరకు కర్ణాటక సరిహద్దు పల్లెలలో తెల్లవారగానే కనిపించే దృశ్యం ఒకటే. ‘శుద్ధ కుడియువ నీరిన ఘటక’ అని కన్నడంలో రాసిన చిన్న గది ముందు క్యాన్లు, బిందెలు వరుస కడతాయి. నాణెం వేస్తే 20 లీటర్లు వస్తాయి. ఎండలు ముదిరేసరికి మధ్యాహ్నానికే లోపలి ట్యాంకు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆపరేటరు మీద ఒత్తిడి పెరుగుతుంది. “బయటికి పోయే నీళ్లు తగ్గించి మంచినీళ్లు పెంచరాదా?” అన్నది అందరి ప్రశ్న. వాల్వును రెండు చుట్లు బిగిస్తే ఆ కోరిక కొన్నాళ్లు తీరినట్లే కనిపిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఈ ప్రాంతపు గ్రానైటు శిలలలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు కరిగి బోరు నీటిలో చేరుతుంది. సరిహద్దుకు అటువైపున్న మడకశిర, హిందూపురం పల్లెలకూ ఈ బాధ తప్పలేదు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి విధించిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. గత్యంతరం లేనప్పుడు 1.5 వరకు. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, సరికదా నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని పాలు పెరుగుతుంది. సుమారు ఎనిమిదేళ్ల వయసు వరకు పిల్లల శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల రూపుదిద్దుకుంటూ ఉంటాయి. ఆ కాలంలో ఇటువంటి నీరు తాగితే పంటిపై పడే మరకలు జీవితాంతం మిగులుతాయి. కాబట్టి శుద్ధి కేంద్రం మూతపడి కుటుంబాలు మళ్లీ బోరు నీటికి మరలడం కేవలం అసౌకర్యం కాదు.

ఆర్వో యంత్రం జల్లెడ వంటిది కాదు. ఉప్పునీటిని మోటారు ఒత్తిడితో పలుచని పొరకు అదిమినప్పుడు నీరు పొర దాటుతుంది. లవణాలలో అత్యధిక భాగం ఇవతలే నిలిచిపోతుంది. ఆ లవణాలను మోసుకుపోవడానికి కొంత నీటిని వదలక తప్పదు. జనం దానిని ‘వేస్టు నీరు’ అంటారు గాని పొర ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంది.

ఒక లెక్క చూద్దాం. బోరు నీటిలో లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకుందాం. సగం నీటిని మంచినీరుగా రాబడితే బయటికి పోయే సగంలో సాంద్రత దాదాపు 2000 అవుతుంది. 75 శాతం రాబడితే 4000. 80 శాతానికి 5000. 90 శాతానికి ఏకంగా 10,000. మంచినీరు పెరిగేది కొద్దికొద్దిగా, లవణం పెరిగేది అంతకంతకు. ఒక హద్దు దాటాక నీటిలోని సున్నం, సిలికా పొర మీదనే గట్టిపడతాయి. టీ కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పదార్థమే అక్కడా పేరుకుంటుంది. పొర పూడిపోయి ధార తగ్గుతుంది, ఆపరేటరు వాల్వును మరింత బిగిస్తాడు. చివరికి కొత్త పొరకు డబ్బులు లేవని తలుపుకు తాళం పడుతుంది.

ఉత్పత్తిని పెంచే మార్గాలు లేకపోలేదు. వాటిలో చాలావరకు ఖర్చు తక్కువవే. మొదటిది ముందున్న ఇసుక, కార్బన్, గుళిక ఫిల్టర్లు. అవి మట్టితో మూసుకుపోతే పొరకు చేరే ఒత్తిడే పడిపోతుంది. పల్లెలలో వోల్టేజి తగ్గినా అదే ఫలితం. ధార 10–15 శాతం తగ్గినట్లు తేలగానే పొరను కడిగించాలి. సున్నపు పొరలను పలుచని సిట్రిక్ ఆమ్లం కరిగిస్తుంది. ఏళ్ల తరబడి వదిలివేసి కడిగితే ప్రయోజనం స్వల్పం. పొక్కు కట్టకుండా వేసే మందు, అనగా యాంటీస్కేలెంటు, డబ్బాలో ఉందో లేదో చూసేవారు ఎందరు? చలికాలంలో ధార తగ్గడం మాత్రం జబ్బు కాదు. నీరు చల్లబడితే ఒక్కొక్క డిగ్రీకి దాదాపు 3 శాతం ఉత్పత్తి తగ్గడం సహజం.

అన్నిటికంటె తక్కువ వాడుకలో ఉన్న ఉపాయం మిశ్రమం. బోరు నీటిలో ఫ్లోరైడు 3 మిల్లీగ్రాములు, ఆర్వో నీటిలో 0.2 ఉన్నాయనుకుంటే, నాలుగు పాళ్ల ఆర్వో నీటికి ఒక పాలు బోరు నీరు కలిపినప్పుడు లీటరుకు సుమారు 0.76 మిల్లీగ్రాములు వస్తుంది. హద్దు లోపలే. 1000 లీటర్లు 1250 అయ్యాయి. వ్యర్థజలం ఒక్క చుక్క పెరగలేదు. నీటి చప్పదనం కూడా తగ్గింది. అయితే ఫ్లోరైడు, నైట్రేటు రెండింటినీ పరీక్షించి, కలిపే నీటిని క్రిమిరహితం చేసిన తరువాతే ఈ పని చేయాలి. ఆపరేటరు జేబులోని టీడీఎస్ మీటరు మొత్తం లవణాల అంచనా మాత్రమే చెబుతుంది, ఫ్లోరైడు సంగతి చెప్పదు. ఈ తేడా తెలియక మీటరు అంకె చూసి నిశ్చింతగా ఉన్న ఇళ్లు అనేకం.

2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని, అనుమతించిన చోట 60 శాతానికి మించి నీరు రాబట్టాలని ఆదేశించింది. నాలుగింట మూడు వంతులు పారబోసే ఇంటి యంత్రాలకు ఆ మందలింపు తగినదే. కాని 500 లోపు నీటిలోనూ ఫ్లోరైడు హద్దు మీరవచ్చు. నగరాల నల్లా నీటిని దృష్టిలో పెట్టుకున్న కొలత గ్రానైటు నేలకు యథాతథంగా సరిపోదు.

ఇక ఆ బయటికి పోయే నీరు. ఎక్కువచోట్ల అది గది వెనుక గుంటలోకి, లేదా పశువుల తొట్టిలోకి చేరుతోంది. బోరులో 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటే 75 శాతం రాబట్టే కేంద్రం వదిలే నీటిలో అది 8 వరకు చేరుతుంది. పశువుల తాగునీటికి 2 మిల్లీగ్రాములు మించరాదన్నది సాధారణ మార్గదర్శకం. ఎద్దు పళ్లు చెడిన కారణం డాక్టరు అడిగితే తొట్టి గుర్తుకు వచ్చే రైతు అరుదు. బోరు పక్కనే గుంట ఉంటే ఆ లవణమే ఇంకి తిరిగి పైకి వస్తుంది. మరుగుదొడ్లకు, బండ్లు కడగడానికి ఆ నీరు పనికివస్తుంది. అందుకు ఒక చిన్న ట్యాంకు, పది గజాల గొట్టం చాలు.

కట్టించిన గుత్తేదారుకు నిర్వహణ గడువు ముగిశాక కేంద్రం పంచాయతీ చేతికి వస్తుంది. ఒత్తిడి ఎంత, మంచినీరు ఎన్ని లీటర్లు, వదిలినది ఎన్ని లీటర్లు అన్న మూడు అంకెలు ప్రతిరోజూ రాసే పుస్తకం చాలా గదులలో కనిపించదు. అది లేకుండా పొర ఎప్పుడు చెడిందో ఎవరూ చెప్పలేరు. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షా పెట్టెల వినియోగంలో శిక్షణ ఇవ్వాలి. తమ ఊరిలో ఆ ఐదుగురు ఎవరో గ్రామసభలో అడిగి తెలుసుకోవచ్చు. వారు పట్టే సీసాలు మూడు ఉండాలి: బోరుది ఒకటి, కుళాయిది ఒకటి, గది వెనుక గొట్టం చివరిది ఒకటి.